మయన్మార్ సైనిక కుట్ర: అపోహలు - వాస్తవాలు

సైన్యానికీ పౌర ప్రభుత్వానికీ మధ్య సంబంధాలు నేను బోధించే పాఠ్యాంశం. మయన్మార్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా విద్యార్థుల నోట ఇవే మాటలు వింటుంటాను. 1962లో అక్కడి సైన్యాధిపతి నే విన్ అధికారం చేజిక్కించుకుని వ్యాపారాలను జాతీయం చేశాక, బతుకుతెరువు పోయి తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలు విశాఖలో ఉన్నాయి. అయినా ఆ దేశం గురించి మనకు తెలిసింది ఇంత తక్కువా అని బాధేస్తుంది.

అపోహ: ప్రజా ప్రభుత్వం 2021 ఫిబ్రవరి 1న కూలిపోయింది.

వాస్తవం: అది చివరి అంకం మాత్రమే. అసలు పని 2008 రాజ్యాంగంలోనే జరిగిపోయింది. నర్గీస్ తుపాను విరుచుకుపడిన వారానికే, ఇంకా శవాలు తేలుతుండగానే, దేశంలో అత్యధిక ప్రాంతాల్లో దానిపై రిఫరెండం పెట్టారు. 92 శాతం మంది ఔనన్నారని ప్రకటించుకున్నారు.

ఆ రాజ్యాంగంలోని లెక్క చూడండి. రెండు సభల్లో కలిపి 664 సీట్లు. వాటిలో 166 సైన్యాధిపతి నియమించే సైనికులవి. కీలకమైన అధికరణాలను సవరించాలంటే 75 శాతానికి మించి ఓట్లు పడాలి, అంటే కనీసం 499. ప్రజలు ఎన్నుకునేది 498 మందిని. పార్టీలన్నీ ఒక్కటైనా ఒక ఓటు తక్కువే! ఆ ఒక్క ఓటూ యూనిఫాం వేసుకున్నవారి దగ్గరే ఉంటుంది. సభలో సైన్యం వాటాను క్రమంగా తగ్గించాలన్న సవరణ 2020 మార్చిలో అలాగే వీగిపోయింది.

అపోహ: 2015 ఎన్నికల్లో గెలిచాక పాలన ప్రజాస్వామ్య ఉద్యమ నేత ఆంగ్ సాన్ సూకీ చేతికి వచ్చింది.

వాస్తవం: రక్షణ, హోం, సరిహద్దు వ్యవహారాల మంత్రులను సూచించేది సైన్యాధిపతే. హోం శాఖ అంటే పోలీసులు. గ్రామాల దాకా పాలనా యంత్రాంగాన్ని నడిపే సాధారణ పరిపాలన విభాగం కూడా 2018 చివరి వరకు ఆ శాఖ కిందే ఉండేది. పిల్లలు విదేశీ పౌరులన్న కారణంతో సూకీకి అధ్యక్ష పదవి దక్కకుండా చేసిన నిబంధన సరేసరి. దాన్ని దాటేందుకు, ప్రధాని పదవి లాంటి స్టేట్ కౌన్సిలర్ పదవికి రూపకల్పన చేసిన న్యాయవాది కో నీని 2017 జనవరిలో యాంగాన్ విమానాశ్రయం బయట కాల్చి చంపారు. అప్పుడాయన చేతుల్లో మనవడున్నాడు. సూత్రధారిగా పోలీసులు పేర్కొన్న మాజీ లెఫ్టినెంట్ కల్నల్ చిక్కనే లేదు.

అపోహ: సర్దుకుపోతే జనరల్స్ మెత్తబడతారు.

వాస్తవం: 2019 డిసెంబరులో సూకీ స్వయంగా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి, ముస్లిం మైనారిటీలైన రోహింగ్యాలపై నరమేధం ఆరోపణల కేసులో తన దేశం తరఫున వాదించారు. ఆ వాదన సమర్థించరానిదని నా అభిప్రాయం. పద్నాలుగు నెలలు తిరగకుండానే ఆమెను నిర్బంధించారు. మోపిన తొలి అభియోగం ఏమిటో తెలుసా? అక్రమంగా దిగుమతి చేసిన వాకీటాకీలు.

అపోహ: ఓటర్ల జాబితాలో అవకతవకలు జరిగాయి కనుక సైన్యం రాజ్యాంగబద్ధంగానే జోక్యం చేసుకుంది.

వాస్తవం: జాబితాలో లోపాలు లేవని ఎవరూ అనలేదు. కానీ 2020 నవంబరు ఎన్నికల్లో పోలింగ్ జరిగిన 476 సీట్లలో 396 సూకీ పార్టీ ఎన్‌ఎల్‌డీ గెలిచింది. సైన్యం అండదండలున్న పార్టీకి దక్కినవి 33. ఫలితాన్ని తారుమారు చేసేంత మోసానికి ఆధారాలు లేవని ఎన్నికల సంఘం చెప్పింది.

ఇక రాజ్యాంగం సంగతి. 417వ సెక్షన్ ప్రకారం అత్యవసర పరిస్థితి ప్రకటించే అధికారం అధ్యక్షుడిది. ఫిబ్రవరి 1 తెల్లవారుజామున సైనికాధికారులు అధ్యక్షుడు విన్ మియింట్ దగ్గరికి వచ్చి, అనారోగ్యమని చెప్పి రాజీనామా చేయమన్నారు. తన ఆరోగ్యం బాగానే ఉందని ఆయన నిరాకరించినట్లు తర్వాత కోర్టులో వాంగ్మూలం ఇచ్చారు. ఆయన్ను నిర్బంధించి, సైన్యం కోటాలో ఉపాధ్యక్షుడైన మాజీ జనరల్ మియింట్ స్వేను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన అత్యవసర పరిస్థితి ప్రకటించి, అధికారాలన్నీ సైన్యాధిపతి మిన్ ఆంగ్ లయింగ్‌కు బదలాయించారు. అప్పటి నిబంధనల ప్రకారం ఆ ఏడాది జూలైలో 65 ఏళ్లు నిండి పదవీ విరమణ చేయాల్సిన అధికారి ఆయన.