కార్టిసాల్: ఒంట్లో పుట్టేది, సూదితో ఎక్కేది

ఏ దిగులూ లేకుండా నిద్రపోతున్న మనిషి రక్తంలో కూడా తెల్లవారుజాము నుంచి, ఒత్తిడి హార్మోనుగా పేరుపడ్డ కార్టిసాల్ పెరుగుతూ వస్తుంది. అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగున ఉండే దాని మోతాదు కళ్లు తెరిచే వేళకు బాగా హెచ్చి, లేచిన అరగంట, ముప్పావుగంటలో మరికొంత ఎగసి, ఆ తర్వాత పొద్దుగూకేదాకా క్రమంగా తగ్గుతుంది. రాత్రంతా ఏమీ తినని ఒంటికి గ్లూకోజు అందించడానికీ, రక్తపోటు పడిపోకుండా చూడటానికీ ఈ ఉదయపు పెరుగుదల తోడ్పడుతుంది. అందుకే కార్టిసాల్ పరీక్షకు సాధారణంగా ఉదయం 8 గంటల ప్రాంతంలో రక్తం తీస్తారు. ఏ వేళ తీశారో చూడకుండా, ల్యాబు ప్యాకేజీలో వచ్చిన ఒక్క అంకెను పట్టుకుని కంగారుపడితే పెరిగేది ఆ కార్టిసాలే.

రెండు మూత్రపిండాల పైన ఒక్కొక్కటి నాలుగైదు గ్రాముల బరువుండే అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. వాటి లోపలి భాగం అడ్రినలిన్‌నూ, బయటి పొర కొలెస్ట్రాల్ నుంచి కార్టిసాల్‌నూ తయారుచేస్తాయి. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి కబురు పంపితే, పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. అది అడ్రినల్ గ్రంథిని పనిలోకి దింపుతుంది. రక్తంలో కార్టిసాల్ తగినంత పెరగగానే అదే వెనక్కు వెళ్లి హైపోథాలమస్‌నూ పిట్యూటరీనీ అదుపుచేస్తుంది. తొట్టి నిండగానే బంతి తేలి నీళ్లను ఆపేసే వాల్వు పని వంటిదే ఇదీ. ఈ వాల్వు సంగతి గుర్తుంటే, తరువాత చెప్పబోయేది తేలికగా బోధపడుతుంది.

అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం వైపో రాయదుర్గం వైపో, బోరు బండి పొలంలోకి వచ్చిన రోజున రైతు ఒంట్లో జరిగేది ఊహించడం కష్టం కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే నేల అది. ఒక్కో రాడ్డు దిగేకొద్దీ బిల్లు పెరుగుతుంది. లోతు పోయేకొద్దీ అడుగు ధర కూడా పెరుగుతుంది. పైకి లేచే రాతిపొడి ఇంకా పొడిగానే ఉంటుంది. మొదటి క్షణాల్లో గుండె దడదడలాడించేది అడ్రినలిన్. కార్టిసాల్ కొన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చి, అరగంట లోపల పతాక స్థాయికి చేరుతుంది. కొవ్వులో కరిగే గుణం ఉన్నందున అది కణం పొరను దాటి లోపలికి వెళ్లి, అక్కడి గ్రాహకాన్ని పట్టుకుని, కేంద్రకంలోని జన్యువుల పనితీరునే మారుస్తుంది. కాలేయం చేత కొత్తగా గ్లూకోజు తయారు చేయిస్తుంది. అందుకు కావలసిన ముడిసరుకు కోసం కండరాల్లోని ప్రొటీన్‌ను కరిగిస్తుంది. ఇన్సులిన్ మాట సాగనివ్వదు. వాపును, రోగనిరోధక వ్యవస్థ దూకుడును తగ్గిస్తుంది. ఆపద తీరేదాకా మిగతా పనులు ఆగవచ్చునన్నదే ఈ ఏర్పాటు వెనుక ఉన్న లెక్క, ఆ లెక్క సరైనదే. సాయంత్రానికి నీళ్లు పడినా, పడకపోయినా, ఆ రోజుకు అది సద్దుమణుగుతుంది.

చిక్కంతా సద్దుమణగని చోట వస్తుంది. రెండో బోరూ ఎండిపోయి, బుడ్డల (వేరుశనగ) పంట గింజ కట్టక, వడ్డీ పెరిగే ఇంట్లో ఆపద ఏ ఒక్క రోజుతోనూ ముగియదు. అటువంటి మనుషుల్లో కార్టిసాల్ ఎప్పుడూ ఎక్కువే ఉంటుందని చాలామంది అనుకుంటారు గాని, పరిశోధనల్లో కనిపించే చిత్రం అంత సూటిగా లేదు. చాలాసార్లు చెడేది మొత్తం మోతాదు కన్నా దాని లయ: పొద్దున పెరగవలసినంత పెరగదు, రాత్రి తగ్గవలసినంత తగ్గదు. రాత్రి తగ్గకపోతే నిద్ర పలుచబడుతుంది, నిద్ర చెడితే లయ మరింత చెడుతుంది. జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్‌లో ఈ హార్మోను గ్రాహకాలు దట్టంగా ఉంటాయి కనుక, దీర్ఘకాలపు ఒత్తిడిలో మతిమరుపు కనిపించడం ఆశ్చర్యం కాదు. అయితే పొట్ట పెరిగిన ప్రతివారికీ కార్టిసాలే కారణమనడం, అడ్రినల్ గ్రంథులు "అలసిపోయాయని" చెప్పి పొడులు అమ్మడం వ్యాపారమే తప్ప వైద్యం కాదు. హార్మోన్ల వైద్యులైన ఎండోక్రైనాలజీ నిపుణులు అటువంటి జబ్బు ఒకటుందని అంగీకరించరు.

కార్టిసాల్ హద్దు మీరితే ఒళ్లు ఎలా అవుతుందో తెలుసుకోవాలంటే కుషింగ్ సిండ్రోమ్ అనే జబ్బును చూడాలి. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. పొట్ట, మెడ వెనుక భాగం కొవ్వు పడతాయి. కాళ్లు, చేతులు మాత్రం సన్నబడతాయి. చర్మం పలుచనై, చిన్న దెబ్బకే కమిలిపోతుంది. ఎముకలు గుల్లబారతాయి, చక్కెర, రక్తపోటు పెరుగుతాయి. పిట్యూటరీలోనో అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ వల్ల ఇది రావడం అరుదు. ఎక్కువమందికి వచ్చేది బయటి నుంచి ఒంట్లోకి ఎక్కిన, కార్టిసాల్‌లాగే పనిచేసే స్టెరాయిడ్ మందుల వల్లనే.

ఆ మందుల కథ 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో మొదలైంది. కీళ్లవాతంతో కదలలేని ఒక రోగికి వైద్యుడు ఫిలిప్ హెంచ్ బృందం, కార్టిసాల్‌కు దగ్గరి చుట్టమైన కార్టిజోన్ ఇవ్వగా, కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కూ, ఈ హార్మోన్ల మీద పనిచేసిన రసాయన శాస్త్రవేత్తలు కెండల్, రైఖ్‌స్టైన్‌లకూ నోబెల్ బహుమతి వచ్చింది. దుష్ఫలితాలు కూడా దాదాపు అప్పుడే బయటపడసాగాయి. ఈ మందులను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. 2020లో బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ అనే మందుల పరీక్షలో, రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల మరణాలను సుమారు మూడోవంతు తగ్గించింది.

మోతాదు మాత్రం చూడాలి. మన గ్రంథులు రోజంతా కలిపి తయారుచేసే కార్టిసాల్ 10 నుంచి 20 మిల్లీగ్రాములే. డెక్సామెథాసోన్ దానికన్నా 25 రెట్లు బలమైనది కనుక, 4 మిల్లీగ్రాముల సూది ఒక్కటే 100 మిల్లీగ్రాముల కార్టిసాల్‌కు సమానం. మోకాళ్ల నొప్పులకు పల్లెలో వారానికొకసారి "నొప్పి సూది" వేయించుకునే పెద్దవాళ్లలో చాలామందికి అందులో ఏముందో తెలియదు; పేరూ ఊరూ లేని పొట్లాల చూర్ణాల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడమూ కొత్త సంగతి కాదు. వాపు తగ్గుతుంది, నొప్పి మాయమవుతుంది, డాక్టరు చేయి మంచిదంటారు. నెలలు గడిచేకొద్దీ తొడ కండరాలు కరిగి, కింద కూర్చున్న మనిషి చేతి ఊతం లేకుండా లేవలేని స్థితి వస్తుంది. అది మోకాళ్లు మరింత చెడినట్టే తోస్తుంది కనుక మరో సూది పడుతుంది.

దీనికన్నా ప్రమాదకరమైనది హఠాత్తుగా మానేయడం. బయటి నుంచి తొట్టి నిండుతున్నంత కాలం వాల్వు మూసుకునే ఉంటుంది. ఏసీటీహెచ్ రాక అడ్రినల్ గ్రంథులు కుంచించుకుపోతాయి. వారాలు, నెలలు వాడిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే, జ్వరమో వాంతులో ఆపరేషనో వచ్చిన రోజున ఒంటికి కావలసిన కార్టిసాల్ పుట్టక, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే వైద్యులు మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తారు. గ్రంథులు కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది. ఇంతకాలం తీసుకున్నదేమిటో తెలియని వారు ఆ సూది మందు సీసాను, మాత్రల అట్టను, చూర్ణం పొట్లాన్ని పారేయకుండా పెద్దాసుపత్రికి వెంట తీసుకెళ్లాలి.