చచ్చిన దిబ్బ, ఖాళీ నేల

1967లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో చెరకు రైతు ఒకాయన ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. అక్కడి తీరం పొడవునా సముద్రంలో పరుచుకున్న పగడపు దిబ్బల వరుస గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఎలిసన్ అనే దిబ్బ ఎలాగూ చచ్చిపోయింది, తవ్వి సున్నం తీసుకుంటే చేలకు పనికొస్తుందని. కొందరు నీళ్లలోకి దిగి చూశారు. దిబ్బ బతికే ఉంది! అర్జీ కొట్టేశారు. ఆ పోరాటాన్ని ముందుండి నడిపినవాళ్లలో కవయిత్రి జూడిత్ రైట్ ఒకరు. 1975లో రీఫ్‌ను కాపాడే మెరైన్ పార్కు చట్టం వచ్చింది.

నిజానికి అలాంటి అర్జీ ఆ దేశంలో పాతదే. 1788లో బ్రిటిష్ ఓడలు వచ్చేసరికి ఒడ్డున మనుషులున్నారు. అయినా నేల ఎవరిదీ కాదన్నట్టే పంచుకున్నారు.

రైట్ 1915లో పుట్టింది అలా పంచుకున్నవాళ్ల ఇంట్లోనే. న్యూ ఇంగ్లండ్ పీఠభూమిలో పశువులు మేపే భూస్వాముల కుటుంబం. 1946లో వచ్చిన మొదటి సంపుటిలో 'బోరా రింగ్' అనే చిన్న కవిత ఉంది: ఆదివాసులు క్రతువులు జరుపుకున్న గుండ్రటి చోట ఇప్పుడు గడ్డి మాత్రమే మిగిలింది. 1959లో తాతల కథ రాసినప్పుడు వాళ్ల కష్టాన్ని ప్రేమగా చెప్పారు. 1981లో అదే కథను మళ్లీ విప్పి, 'ద క్రై ఫర్ ద డెడ్'లో ఆ తాతలు పశువులు తోలిన చోట అక్కడి ఆదివాసులైన వాద్జా జనం ఏమయ్యారో వెతికారు. నా మటుకు నాకు ఈ రెండు పుస్తకాల మధ్య గడిచిన ఇరవై రెండేళ్లే అసలు కథ.

ఆ మధ్యలో ఒక స్నేహం ఉంది. అప్పట్లో క్యాథ్ వాకర్‌గా తెలిసిన ఊజరూ నూనుకల్ రాతప్రతి చదివి, అచ్చు వెయ్యమని ప్రచురణకర్తకు చెప్పింది రైటే. 1964లో అది ఆస్ట్రేలియా ఆదివాసీ మహిళ రాసిన మొట్టమొదటి కవితా సంపుటిగా వచ్చింది. తర్వాత ఆమెను ఉద్దేశించి రాసిన కవితలో రైట్, మన మధ్య కత్తి ఉందని ఒప్పుకుని, దాని పిడిని స్నేహితురాలి వైపు తిప్పుతారు. క్షమాపణలు చాలా చదివాను కానీ, ఇలాంటిది అరుదు.

రీఫ్ ఉత్తర కొసన మేర్ అనే చిన్న దీవి. అక్కడ ఏ తోట ఎవరిదో, తర్వాత ఎవరికి పోతుందో అందరికీ తెలుసు. ఆ దీవి మనిషి ఎడ్డీ మాబో తన నేల కోసం కోర్టుకు చెప్పిందీ అదే. 1992 జూన్ 3న హైకోర్టు (అక్కడ అన్నిటికన్నా పెద్ద కోర్టు అదే) 'ఎవరిదీ కాని నేల' వాదాన్ని కొట్టేసింది. మాబో అప్పటికే చనిపోయి నాలుగు నెలలు దాటింది.

రైట్ 2000లో పోయారు. రీఫ్‌కు ఇప్పుడు తవ్వేవాళ్లకన్నా వేడెక్కే సముద్రంతోనే భయం. 2016, 2017, 2020, 2022, 2024ల్లో పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి. ఆ వేడికి కారణమైన బొగ్గును తవ్వి అమ్మేదీ క్వీన్స్‌లాండే; విశాఖ ఉక్కు కూడా ఉక్కు తయారీకి వాడే ఆస్ట్రేలియా కోకింగ్ బొగ్గు కొంటుంది. తెల్లబడ్డ పగడం వెంటనే చావదు. నీళ్లు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది.