జేమ్స్ ఫిన్లేసన్: మూకీ హాస్యంలో సహాయనటుడిపై అపోహలు – వాస్తవాలు

హాస్యనటనలో శిక్షణ ఇచ్చేటప్పుడు నేను తరచుగా చూపించేది హాలీవుడ్ హాస్యజంట లారెల్, హార్డీల ఎదుట నిలబడి ఒంటికన్ను చికిలించే, గుబురు మీసం ఉన్న బట్టతల మనిషినే. 1887లో స్కాట్లండ్‌లోని లార్బర్ట్‌లో పుట్టిన జేమ్స్ ఫిన్లేసన్ ఆ జంటతో 33 చిత్రాల్లో కనిపించారు.

అపోహ: మూకీ హాస్యమంటే ముఖం వంకర్లు తిప్పి అతిగా నటించడమే.

వాస్తవం: ఫిన్లేసన్ ముఖకవళికలు పెద్దవే, కాని వాటి బలమంతా అవి వచ్చే సమయంలో ఉంది. ఆయన ముందు విషయాన్ని మామూలుగా చూసి చూపు తిప్పుకుంటారు; అది బుర్రకెక్కిన మరుక్షణం గిరుక్కున వెనుదిరిగి, ఒక కన్ను మూసి, రెండో కనుబొమ్మ పైకెత్తి చూస్తారు. 1929 నాటి 'బిగ్ బిజినెస్'లో క్రిస్మస్ చెట్లు అమ్మవచ్చిన ఆ ఇద్దరూ ఆయన ఇంటిని ధ్వంసం చేస్తుంటే, ఆయన వారి కారును ముక్కలు చేస్తారు. ఒకరు పగలగొడుతున్నప్పుడు ఎదుటివారు అడ్డుపడకుండా నిలబడి తమ వంతు కోసం చూడడమే అక్కడి హాస్యం. ఆ నిలబడడం నేర్పడం ఎంత కష్టమో మా వృత్తిలో ఉన్నవారికి తెలుసు.

అపోహ: ఆనాటి నటులు నిజంగానే అంత వేగంగా కదిలేవారు.

వాస్తవం: సెకనుకు 24 కంటే తక్కువ ఫ్రేములతో (విడి నిశ్చల చిత్రాలతో) తీసిన చిత్రాన్ని తర్వాతి కాలపు 24 ఫ్రేముల వేగంతో ఆడిస్తే కదలికలు ఉరుకులుగా కనిపిస్తాయి. కొన్ని హాస్య సన్నివేశాలను కావాలనే తక్కువ ఫ్రేములతో తీసేవారన్నది కూడా నిజమే.

అపోహ: ఆ గుబురు మీసం ఆయన సొంతం.

వాస్తవం: అది పెట్టుడు మీసం.

అపోహ: కథానాయకుడు కాలేకపోయారు కనుక ఆయన విఫలుడు.

వాస్తవం: లారెల్, హార్డీల చిత్రాలు తీసిన హాల్ రోచ్ స్టూడియో ఆయనను ముందువరుసకు తేవాలని ప్రయత్నించింది, అది నిలవలేదు. నా దృష్టిలో అందులో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఎదుటివారి చేష్టకు స్పందించడంలోనే ఆయన ప్రతిభ ఉంది, దానికి ఎదుట మరొకరు ఉండి తీరాలి.

అపోహ: టాకీలు రాగానే ఇలాంటి నటుల పని అయిపోయింది.

వాస్తవం: రంగస్థలం నుంచి వచ్చిన ఫిన్లేసన్‌కు గొంతు అడ్డంకి కాలేదు. 1937లో 'వే అవుట్ వెస్ట్'లో మోసగాడైన మద్యశాల యజమానిగా నటించారు. కోపాన్ని దిగమింగుకుంటూ ఆయన సాగదీసి పలికే 'డో...' అన్న మూలుగునే, దశాబ్దాల తర్వాత అమెరికన్ కార్టూన్ ధారావాహిక 'ద సింప్సన్స్'లో హోమర్ పాత్రకు గొంతునిచ్చిన డాన్ కాస్టెల్లనెటా కురచ చేసి వాడుకున్నారు.