బెలూన్లు ఊదితే ముక్కు మాట పోదు: మాట కొలతల మీద అపోహలు, వాస్తవాలు

అంగిలి చీలికకు ఆపరేషన్ అయిన పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రుల సంచీల్లో ఫైలుతో పాటు బెలూన్లు, బూరలు, స్ట్రాలు కూడా ఉంటాయి. "పొద్దునా సాయంత్రం ఊదిస్తూనే ఉన్నామండీ, అయినా ముక్కుతోనే మాట్లాడుతున్నాడు" అంటారు. ఎవరు చెప్పారని అడిగితే పక్కింటివాళ్లు, యూట్యూబ్, ఒక్కోసారి వైద్యంలో ఉన్నవాళ్లే. స్పీచ్ థెరపిస్టుగా నేను పదే పదే వింటున్న మాట ఇది. పిల్లల వయసులో ఎక్కువ ఏళ్లు తినేస్తున్న మాట కూడా ఇదే. అందుకే ముందు దీని సంగతి తేల్చేసి, మిగతావి తర్వాత గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఊదే ఎక్సర్‌సైజులతో అంగిలి గట్టిపడి ముక్కు మాట పోతుంది

పోదు. ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

'ప' అనాలంటే నోట్లో గాలి ఒత్తిడి పెరగాలి. అందుకు మెత్తటి అంగిలి పైకి లేచి, గొంతు వెనక గోడకు ఆనుకుని, ముక్కులోకి దారి మూసెయ్యాలి. 'మ', 'న' అన్నప్పుడు అదే దారి తెరుచుకోవాలి. ఒక్క వాక్యం పూర్తయ్యేలోపు ఈ తలుపు ఎన్నోసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. కుట్టిన అంగిలి పొట్టిగా ఉండిపోయినా, లోపలి కండరాలు సరైన దిశలో కలవకపోయినా వెనక గోడ అందదు. అక్కడ మిగిలిన సందు ఎన్ని బెలూన్లు ఊదినా పూడదు. పైగా ఊదేటప్పుడు అంగిలి కదిలే తీరు వేరు, మాట్లాడేటప్పుడు కదిలే తీరు వేరు. ఊదడం ఎంత బాగా వచ్చినా అది మాటలోకి రాదు. కొందరు పిల్లలు నాలుక వెనక భాగాన్ని పైకెత్తి అడ్డం పెట్టి బెలూన్ బ్రహ్మాండంగా ఊదేస్తారు. ఇంట్లోవాళ్లు సంబరపడతారు. 'పాప' అనమంటే మళ్లీ ముక్కులోంచే.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఇంట్లోవాళ్లు "ముక్కు మాట" అని ఒకే పేరుతో చెప్పేది నిజానికి రెండు వేర్వేరు సమస్యలు. మొదటిది ఇప్పుడు చెప్పిన సందు. రెండోది అలవాటు. అంగిలి తెరుచుకుని ఉన్న రోజుల్లోనే మాటలు నేర్చిన పిల్లలు, నోట్లో నిలవని గాలిని గొంతులోనే నొక్కి ఆపడం నేర్చుకుంటారు. 'కాకి' అనమంటే 'ఆ-ఇ' అంటారు, మధ్యలో గొంతులో చిన్న బిగింపు వినిపిస్తుంది. తర్వాత సర్జన్ అంగిలిని ఎంత చక్కగా కుట్టినా ఈ అలవాటు దానంతటది పోదు. సందుకు సర్జన్ కావాలి. అలవాటుకు థెరపీ కావాలి. సందు ఉన్న పిల్లాడికి ఏళ్ల తరబడి థెరపీ ఇచ్చినా, అలవాటు మాత్రమే ఉన్న పిల్లాడికి ఇంకో ఆపరేషన్ చేసినా నష్టపోయేది పిల్లాడే. చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి. ఏది ఎంత ఉందో కొలిచాకే తేలుతుంది.

ఎలా కొలుస్తాం? మొదట చెవితోనే. 'మ', 'న' లేని వాక్యాలు, అచ్చంగా అవే ఉన్న వాక్యాలు విడివిడిగా అనిపిస్తాం. ఇంట్లో మీరూ చేసి చూడవచ్చు. "పాప పాట పాడు" అని ఒకసారి మామూలుగా, ఒకసారి ముక్కు రెండు వేళ్లతో మూసి అనమనండి. దారి సరిగ్గా మూసుకుంటున్న పిల్లల్లో రెండుసార్లూ ఒకేలా వినిపిస్తుంది. ముక్కు మూయగానే మాట మారిపోతే గాలో శబ్దమో ముక్కులోకి పోతోందన్నమాట. "మా అమ్మమ్మ" అన్నప్పుడు మాత్రం ఎవరికైనా మారాలి, అది సహజం. ముక్కు కింద చిన్న అద్దం పెట్టి 'పా పా పా' అనిపిస్తే ఆవిరి పడుతోందో లేదో చూడడం ఇంకో పద్ధతి. ఇవి అనుమానం తీర్చుకోవడానికే, ఆపరేషన్ నిర్ణయించడానికి సరిపోవు.

ఆ తర్వాత నేజోమీటర్. ముక్కుకూ నోటికీ మధ్య, పై పెదవి మీద అడ్డంగా ఒక పలక ఆనుతుంది. దాని పైన ఒక మైకు, కింద ఒక మైకు. మొత్తం శబ్దంలో ముక్కు వాటా ఎంత శాతమో అది చెబుతుంది. సూది లేదు, నొప్పి లేదు. రిపోర్టులో అంకె చూసి కంగారు పడేముందు అది ఏ వాక్యాలకు వచ్చిన అంకె అని అడగండి. ఇంగ్లీషు మాట్లాడే మామూలు పిల్లలకు ముక్కు అక్షరాలు లేని పేరాలో 15 శాతం చుట్టుపక్కల వస్తుంది. ఆ అక్షరాలతో నిండిన వాక్యాల్లో అదే పిల్లలకు 60 దరిదాపుల్లో వస్తుంది. భాష మారితే ఈ అంకెలూ మారతాయి కాబట్టి ఇంగ్లీషు అంకె పక్కన తెలుగు వాక్యం పెట్టి తీర్పు చెప్పకూడదు. జలుబుతో ముక్కు మూసుకుపోయిన రోజు పరీక్ష చేస్తే ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. ఆ రోజు ఎంత దూరం నుంచి వచ్చినా మేం వాయిదా వేస్తాం. కోపం తెచ్చుకోకండి.

సందు ఎక్కడ, ఏ ఆకారంలో ఉందో నేజోమీటర్ చెప్పలేదు. దానికి ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం వేసి, పిల్లాడు మాట్లాడుతుండగా చూడాలి. లేదా ఎక్స్‌రే వీడియో తియ్యాలి. నాలుగైదేళ్లు నిండి, చెప్పినట్టు పలికే పిల్లలైతే కెమెరా పరీక్ష బాగా కుదురుతుంది. ఏ రకం ఆపరేషన్ చెయ్యాలన్నది సర్జన్ ఆ బొమ్మ చూసే నిర్ణయిస్తారు.

నల్గొండ వైపు నుంచి ఒక తాత తన మనవణ్ణి తీసుకొచ్చాడు. పిల్లాడికి పదేళ్లుంటాయి. క్లాసులో లేచి పాఠం చదవమంటే చదవడు, తిట్టినా కొట్టినా నోరు విప్పడని బడిలో మొండివాడన్న పేరు పడింది. పసితనంలోనే అంగిలి కుట్టారు. తర్వాత ఎవరో చెబితే ఆ తాత ఏళ్ల తరబడి రోజూ పక్కన కూర్చుని బూర ఊదించాడు. కెమెరా పెట్టి 'పాప' అనిపిస్తే అంగిలికీ గొంతు గోడకూ మధ్య, సరిగ్గా నడిమధ్యన చిన్న సందు. 'ప' అన్న ప్రతిసారీ అందులోంచి నురగ బుడగలు పైకి తన్నుకొస్తున్నాయి. తాతను స్క్రీన్ దగ్గరికి పిలిచి చూపించాం. "ఇంతేనా మేడమ్, ఇంత సందు కోసమేనా వీణ్ణి ఇన్నాళ్లూ తిట్టింది" అని ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఆయన తప్పేం లేదు. చెప్పినవాళ్ల మాట నమ్మి, తన చేతనైనదంతా చేశాడు. రెండో ఆపరేషన్ అయింది, తర్వాత థెరపీ మొదలైంది, ఊరు దూరం కాబట్టి సగం క్లాసులు ఫోన్‌లోనే. 'ప', 'బ', 'త' ఇప్పుడు శుభ్రంగా వస్తున్నాయి. 'స' దగ్గర ఇంకా పనుంది.

దీనికి అన్నలాంటి అపోహ ఇంకొకటి ఉంది, "పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది" అని. జరిగేది చాలాసార్లు దీనికి తిరగబడి ఉంటుంది. చిన్నప్పుడు ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్ కండ ఆ దారిని మూయడానికి కొంత ఆసరా ఇస్తుంది. పెరిగేకొద్దీ అది కుంచించుకుపోతుంది కాబట్టి కొందరిలో మాట ఇంకా ముక్కులోకి పోతుంది. ఇక్కడే ఒక హెచ్చరిక. కొండనాలుక రెండుగా చీలి ఉన్నా, పసితనంలో పాలు ముక్కులోంచి వచ్చినా, ఎడినాయిడ్ ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఆ సంగతి ఈఎన్‌టీ డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. పైపొర బాగానే ఉండి కింద కండరం మాత్రమే చీలిన అంగిలి ఒకటుంటుంది. అది కంటికి చప్పున కనపడదు. అలాంటి పిల్లలకు ఎడినాయిడ్ తీసేస్తే అప్పటిదాకా లేని ముక్కు మాట మొదలుకావచ్చు.

మిగతావి క్లుప్తంగా

గ్రహణం రోజు తల్లి కత్తి పట్టుకున్నందుకు మొర్రి వచ్చిందనేది పచ్చి అబద్ధం. గర్భంలో పెదవి ఏర్పడేది నాలుగు నుంచి ఏడో వారం మధ్య, అంగిలి కలవడం పన్నెండో వారానికల్లా పూర్తవుతుంది. చాలామందికి గర్భం సంగతి తెలిసీ తెలియని రోజులవి. ప్రపంచంలో సుమారు 700 జననాల్లో ఒకటి ఇలా ఉంటుంది, గ్రహణం మాట వినని దేశాల్లో కూడా. అత్తగారి మాటలకు ఏడ్చి ఏడ్చి వచ్చే తల్లులకు నేను మొదట చెప్పేది ఇదే: అమ్మా, ఇది నీ వల్ల రాలేదు.

వస పోసినంత మాత్రాన మాటలు రావు. వసను తేనెలో రంగరించి ఏడాది లోపు బిడ్డ నాలుకకు రాయడం ప్రమాదం, ఆ వయసులో తేనె అసలు పెట్టకూడదు. నాలుక కింద తీగ కోయిస్తే ముక్కు మాట పోతుందన్నదీ అంతే, ఆ రెండింటికీ సంబంధమే లేదు. అంగిలి చీలిక ఉన్న పిల్లలకు చెవి లోపల నీరు చేరి వినికిడి తగ్గడం చాలా మామూలు. మాట కొలిచే ముందు చెవి పరీక్ష చేయించండి.

అపోహ: వయసు మీద పడింది, గొంతు తగ్గక ఏమవుతుంది

పార్కిన్సన్స్ (చేతులు వణికి, కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు) ఉన్నవాళ్లలో దాదాపు 90 శాతం మందికి ఏదో ఒక దశలో మాట మారుతుంది. చెయ్యి వణికితే పరిగెత్తుకొచ్చే ఇంట్లోవాళ్లు గొంతు తగ్గితే మాత్రం వయసు అనుకుని ఊరుకుంటారు. రిటైరైన మాస్టారు ఒకరు భార్యతో వచ్చారు. "నా గొంతుకేం కాలేదండీ, మా ఆవిడకే చెవుడొచ్చింది" అన్నారు. ఆవిడ వినికిడి పరీక్షలో ఏ లోపమూ లేదు. నోటికి 30 సెంటీమీటర్ల దూరంలో శబ్దం కొలిచే మీటరు పెట్టి, ఆయన చదివింది రికార్డు చేసి, అంకెతో సహా వినిపించాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఈ జబ్బులో తన గొంతు ఎంత పైకి వస్తోందన్న అంచనా మెదడులోనే తప్పుతుంది. మామూలు స్థాయిలో మాట్లాడమంటే అరుస్తున్నట్టు అనిపిస్తుంది. డెసిబెల్ లెక్కలో 10 తగ్గితే వినేవాళ్ల చెవికి శబ్దం దాదాపు సగమైనట్టే. అందుకే "గట్టిగా మాట్లాడండి నాన్నా" అని ఇంట్లో గొడవ పడటం కంటే మీటరు చూపించి సాధన చేయించడం మేలు. 1987లో అమెరికాలో లీ సిల్వర్‌మన్ అనే పార్కిన్సన్స్ పేషెంట్ పేరుతో మొదలైన పద్ధతి ఇలాంటిదే, వారానికి నాలుగు రోజుల చొప్పున నాలుగు వారాలు. మాత్రలు కాళ్లకూ చేతులకూ పనిచేసినంత నమ్మకంగా గొంతుకు పనిచెయ్యవు. మంచినీళ్లు తాగితే పొలమారడం కూడా మొదలైతే అసలు ఆలస్యం చేయకండి.

"ప-త-క, ప-త-క అనిపిస్తున్నారు, చిన్నపిల్లల ఆటలా ఉంది" అని కొందరు చిరాకు పడతారు. 'ప' పెదవుల పని, 'త' నాలుక కొసది, 'క' నాలుక వెనక భాగానిది. మామూలు పెద్దవాళ్లు సెకనుకు అయిదు నుంచి ఏడు అక్షరాలు ఒకే తీరుగా అనగలరు. పార్కిన్సన్స్‌లో అక్షరాలు చిన్నవై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చిన్నమెదడు దెబ్బతింటే లయ తప్పి ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా వస్తుంది. ఏఎల్ఎస్‌లో, అంటే కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బులో, వేగం బాగా తగ్గుతుంది, మాట ఇంకా అందరికీ అర్థమవుతుండగానే తగ్గుతుంది. ఆ తగ్గుదల ముందే పట్టుకుంటే పేషెంట్ సొంత గొంతు రికార్డు చేసి దాచుకోవడానికి సమయం దొరుకుతుంది. 1969లో అమెరికాలోని మాయో క్లినిక్‌లో డార్లీ, ఆరన్సన్, బ్రౌన్ 212 మంది మాటను 38 లక్షణాల కింద విని, ఏ జబ్బు మాటను ఏ తీరుగా మారుస్తుందో చూపించారు. మా పని ఇప్పటికీ ఆ పునాది మీదే నడుస్తోంది.

మాట ఉన్నట్టుండి ముద్దగా మారితే, మూతి ఒక పక్కకు జారితే కొలతలూ వద్దు, నేనూ వద్దు. 108కి ఫోన్ చేసి పక్షవాతానికి చికిత్స ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. గడ్డను కరిగించే మందుకు మొదటి నాలుగున్నర గంటలే సమయం. "పడుకుని లేస్తే సర్దుకుంటుంది" అన్న మాట ఎవరన్నా వినకండి.

ఫోన్‌లో గొంతు వినిపిస్తే జబ్బు చెప్పేస్తాం అనే యాప్‌లను నమ్మి టెన్షన్ పడకండి. ఫోన్ మైకు శబ్దాన్ని తనంతట తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో ధ్వని కుదించుకుపోతుంది. నెలనెలా పోల్చుకోవడానికి మాత్రం ఫోన్ పనికొస్తుంది. అదే ఫోన్, అదే గది, అంతే దూరం, అదే పేరా. తేదీ చెప్పి మొదలుపెట్టండి.

ఎక్కడికి వెళ్లాలని అడిగేవాళ్లకు: అంగిలి చీలిక 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వ పథకం) జాబితాలో ఉంది, జిల్లా ఆస్పత్రిలో పిల్లల సమస్యలు ముందే గుర్తించి చికిత్స చేసే డైక్ (డీఈఐసీ) సెంటర్‌లో అడగండి. మొర్రి, అంగిలి చీలిక ఆపరేషన్లకు సాయం చేసే స్మైల్ ట్రెయిన్ సంస్థ భాగస్వామి ఆస్పత్రుల్లో ఆపరేషన్ ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి సమస్యల కోసం ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరులో 1965 నుంచి నడుస్తున్న ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది. ఏ థెరపిస్టు దగ్గరికి వెళ్లినా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. పాత ఆపరేషన్ కాగితాలు, చెవి రిపోర్టు వెంట తీసుకెళ్లండి. బెలూన్లు పిల్లాడికి ఆడుకోవడానికి ఇచ్చేయండి.