స్పీకింగ్ క్లబ్బు, కథల పోటీలు: అపోహలు – వాస్తవాలు

మా క్లబ్బుకి కొత్తగా వచ్చే అతిథుల్ని పలకరించే పని చాలాకాలంగా నాది. మీటింగ్ మొదలయ్యేలోపు వాళ్లు చెప్పే సంగతుల్లో సగం ఎక్కడో విని మనసులో పెట్టుకున్నవే ఉంటాయి. పోటీల సీజన్ వచ్చిందంటే పాత సభ్యుల నోటి నుంచి కూడా అలాంటివే మరికొన్ని వింటాను. సభ్యురాలిగా, పోటీల్లో జడ్జిగా కూర్చున్నదాన్నిగా నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

నేను చెప్పేదంతా నలుగురిలో మాట్లాడటం నేర్చుకునే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల గురించి. 1924 అక్టోబర్ 22న కాలిఫోర్నియాలోని శాంటా అనాలో, వై.ఎం.సి.ఎ. భవనం బేస్‌మెంట్‌లో రాల్ఫ్ స్మెడ్లీ పెట్టిన చిన్న సమావేశంతో ఇది మొదలైంది. ఒకరు మాట్లాడాలి, మిగతావాళ్లు శ్రద్ధగా విని, విన్నది ఎలా అనిపించిందో చెప్పాలి. వందేళ్లు దాటినా పద్ధతి అదే.

అపోహ: వెళ్లగానే స్టేజీ ఎక్కిస్తారు

ఎక్కించరు. అతిథిగా వెళ్తే డబ్బు కట్టక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. చివర్లో "మీటింగ్ ఎలా అనిపించింది?" అని అడుగుతారు. చెప్పాలని లేకపోతే తల అడ్డంగా ఊపితే చాలు.

అపోహ: టీచర్ లేని చోట ఏం నేర్చుకుంటాం?

నేను ఎక్కువసేపు జవాబు చెప్పే ప్రశ్న ఇదే. క్లబ్బు గురించి తెలుసుకోవాల్సిందంతా ఇందులోనే ఉంది.

మీటింగ్‌లో మూడు భాగాలు. ముందు సిద్ధం చేసుకొచ్చిన ప్రసంగాలు, ఇవి సాధారణంగా 5 నుంచి 7 నిమిషాలు. తర్వాత టేబుల్ టాపిక్స్: అప్పటికప్పుడు ఇచ్చిన విషయం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడటం. చివరిది ఎవాల్యుయేషన్. ప్రసంగం ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక ఎవాల్యుయేటర్ ఉంటారు. వాళ్లు 2 నుంచి 3 నిమిషాల్లో, అందరి ముందూ, ఆ ప్రసంగంలో ఏది పని చేసిందో, ఏది చేయలేదో, వచ్చేసారి ఏం ప్రయత్నించవచ్చో చెబుతారు. కొత్తవాళ్లు మొదటి భాగం చూడటానికి వస్తారు. నా దృష్టిలో క్లబ్బుకి ప్రాణం మూడోది.

ఎందుకంటే "చాలా బాగా మాట్లాడారు, కీప్ ఇట్ అప్" అన్న మాట మనకి ఇంట్లో, ఆఫీసులో ఎలాగూ దొరుకుతుంది, దానివల్ల మనలో మారేది ఏమీ ఉండదు. మంచి ఎవాల్యుయేటర్ ఇలా అంటారు: "ఉత్తరం తెరిచిన చోట మీరు కాసేపు ఆగారు. అప్పుడు హాల్లో ఎవరూ కదల్లేదు. వెంటనే 'దీన్నిబట్టి మనం తెలుసుకోవాల్సింది ఏమిటంటే' అన్నారు, నేను కథలోంచి బయటికి వచ్చేశాను. ఆ వాక్యం తీసేసి ఒకసారి చెప్పి చూడండి." ఇందులో తీర్పు లేదు. ఒక శ్రోతకి ఏ క్షణంలో ఏం జరిగిందో ఉంది. అద్దం ముందు ఎంత ప్రాక్టీస్ చేసినా ఈ సమాచారం దొరకదు.

ఇంకో లాభం కూడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఎదుటివాళ్ల ప్రసంగాన్ని అలా విని, ముక్కలుగా చూసి, రెండు నిమిషాల్లో మర్యాదగా, స్పష్టంగా చెప్పగలిగిన మనిషి తన ప్రసంగాన్ని కూడా అలాగే వినడం నేర్చుకుంటాడు. మా క్లబ్బులో బాగా ఎదిగినవాళ్లని చూస్తే, వాళ్లు ఎక్కువ ప్రసంగాలు ఇచ్చినవాళ్లు కాదు, ఎక్కువ ఎవాల్యుయేషన్లు చేసినవాళ్లు. కొత్తగా చేరినవాళ్లు "నా ప్రసంగం ఎప్పుడు?" అని అడిగితే, "ఎవాల్యుయేటర్ పాత్ర ఎప్పుడు తీసుకుంటారు?" అని నేను తిరిగి అడుగుతాను.

అపోహ: ఆ–కౌంటర్ పరువు తీస్తాడు

ఆ–కౌంటర్ పని లెక్క చెప్పడం. ఎవరు ఎన్నిసార్లు "అఁ...", "అంటే", "సో", "ఆక్చువల్లీ", "యూ నో" అన్నారో చివర్లో చదువుతారు. మొదటిసారి విన్నప్పుడు మొహం ఎర్రబడుతుంది, నిజమే. కానీ ఆ లెక్క అందరికీ వస్తుంది, ప్రెసిడెంట్‌కి కూడా. "అఁ" అనాల్సిన చోట నోరు మూసుకుని ఆగడం అలవాటైతే చాలు. ఆ చిన్న నిశ్శబ్దం మనకి యుగంలా అనిపిస్తుంది, వినేవాళ్లకి మాత్రం మనం ఆలోచించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

అపోహ: చేరితే స్టేజీ భయం పూర్తిగా పోతుంది

పోదు. పోతుందని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. పేరు పిలవగానే గుండె దడ, అరచేతుల్లో చెమట, గొంతు ఎండటం, ఇవన్నీ ఒంట్లో అడ్రినలిన్ చేసే పనులు. ఏళ్ల తరబడి మాట్లాడుతున్నవాళ్లకీ వస్తాయి. మారేది ఏమిటంటే, మొదట్లో ప్రసంగం పొడుగునా ఉండే దడ తర్వాత తర్వాత మొదటి అర నిమిషానికే సర్దుకుంటుంది. ఆ అర నిమిషం దాటడానికి మొదటి రెండు వాక్యాలు కంఠతా ఉండాలి. పైకి వెళ్లే ముందు నెమ్మదిగా, పొడుగ్గా ఊపిరి వదలాలి. మాట మొదలుపెట్టే ముందు ఎవరో ఒకరి కళ్లలోకి చూడాలి.

క్లబ్బు మెట్లు మెట్లుగా ఉండేది కూడా ఇందుకే. ముందు టైమర్ పాత్ర తీసుకుంటే రెండు మూడు వాక్యాలు మాట్లాడితే సరిపోతుంది. తర్వాత ఆ–కౌంటర్, మాట్లాడేవాళ్ల భాషని గమనించే గ్రామేరియన్. మొదటి ప్రసంగాన్ని ఐస్ బ్రేకర్ అంటారు, 4 నుంచి 6 నిమిషాలు, విషయం మీ గురించే. మీకంటే బాగా తెలిసినవాళ్లు హాల్లో ఎవరూ ఉండని విషయం అది. నత్తి ఉన్నవాళ్లు "మాకు ఇవన్నీ ఎందుకులెండి" అంటే నాకు బాధేస్తుంది. టోస్ట్‌మాస్టర్స్ ప్రసంగాల పోటీలో 2015 ప్రపంచ చాంపియన్, సౌదీ అరేబియాకి చెందిన మొహమ్మద్ ఖహ్తానీ నత్తితో పెరిగిన మనిషే.

అపోహ: ఇంగ్లీషు బాగా రావాలి

ఇంగ్లీషు కాని భాషల్లో నడిచే క్లబ్బులున్నాయి, రెండు భాషల్లో నడిచేవీ ఉన్నాయి. ఇంగ్లీషు క్లబ్బులోనైనా పోటీ జడ్జీలు విషయానికి, దాని అమరికకి ఇచ్చే మార్కుల కంటే భాషకి ఇచ్చేవి తక్కువ. చిన్న వాక్యాలతో స్పష్టంగా చెప్పినవాళ్లు, పెద్ద పెద్ద మాటలు వెతుక్కుంటూ తడబడినవాళ్ల కంటే ముందుండటం నేను చాలాసార్లు చూశాను.

అపోహ: కథల పోటీ అంటే నటన, కన్నీళ్లు

పోటీల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి కథలు. అందుకే ఈ అపోహ మీద కాస్త ఎక్కువే చెప్తాను.

పోటీలు రకరకాలు. అందరికీ తెలిసింది ఇంటర్నేషనల్ స్పీచ్ కాంటెస్ట్. అది క్లబ్బుతో మొదలై ఏరియా, డివిజన్, డిస్ట్రిక్ట్ అనే అంచెలు దాటుకుంటూ ప్రపంచ చాంపియన్‌షిప్ దాకా వెళ్తుంది. హాస్య ప్రసంగాల పోటీ, ఎవాల్యుయేషన్ పోటీ, టేబుల్ టాపిక్స్ పోటీ వేరే ఉన్నాయి. అచ్చంగా కథ కోసమే ఉన్నది టాల్ టేల్స్, అంటే కోతల కథల పోటీ. దేంట్లో నిలబడాలన్నా కథ చెప్పడం రావాలి.

చాలామంది కథని జీవితం మొదటి నుంచి ఎత్తుకుంటారు. "మాది మధ్యతరగతి కుటుంబం. నేను చిన్నప్పుడు చాలా భయస్తుణ్ణి. మా నాన్నగారు చాలా స్ట్రిక్ట్..." ఇలా రెండు నిమిషాలు గడిచిపోతాయి, ఇంకా ఏమీ జరగదు. అదే మనిషి "పరీక్ష మొదలైన పది నిమిషాలకి నా పెన్ను ఆగిపోయింది. పక్కవాణ్ణి అడగాలంటే నోరు రావాలి" అని మొదలుపెడితే భయస్తుడని వేరే చెప్పనక్కర్లేదు. మధ్యతరగతి, స్ట్రిక్ట్ నాన్న ఆ తర్వాత అవసరమైతే వస్తారు, లేకపోతే లేదు.

ఇక కన్నీళ్లు. పోటీ దగ్గరపడగానే ఇంట్లో జరిగిన విషాదాల్లోంచి ఏది వాడుకుందామా అని వెతకడం మొదలవుతుంది. దయచేసి అలా వెతకొద్దు. ఇంకా మానని గాయాన్ని స్టేజీ మీద విప్పితే మాట్లాడేవాళ్లు తట్టుకోలేరు, వినేవాళ్లు కథ వదిలేసి ఆ మనిషి గురించి కంగారు పడతారు. ఒక అబద్ధం చెప్పాలా వద్దా అని తలుపు దగ్గర నిలబడిన పిల్లవాడి కథ హాలుని పట్టి ఉంచగలదు. కథలో ఎవరో ఒకరు ఏదో ఒకటి తేల్చుకోవాలి, ఆ తేల్చుకోవడం కష్టంగా ఉండాలి. ఇది లేకుండా గొంతు వణికించినా, మోకాళ్ల మీద కూర్చున్నా లాభం లేదు. కథలోని మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా సంభాషణ రాసుకుంటే నటన దానంతట అదే కావాల్సినంత వస్తుంది.

కోతల కథ సంగతి వేరు. జరగని దాన్ని జరిగినట్టు, నమ్మశక్యం కానంత పెంచి చెప్పడమే అక్కడ నియమం. "నోటికొచ్చిందల్లా చెప్పెయ్యడమేగా" అనుకుంటారు. కాదు, దానికీ ఇతివృత్తం కావాలి. ఒక్క అసాధ్యాన్ని ఒప్పుకోమని శ్రోతల్ని అడగొచ్చు. ఆ తర్వాత జరిగేదంతా దాని లెక్క ప్రకారమే జరగాలి. తాతయ్య గురకకి కిటికీ తలుపులు ఊగాయంటే, మర్నాడు వీధంతా నిద్ర లేవాలి, ఆ మర్నాడు ఆయన్ని అలారంగా పెట్టుకోవడానికి చుట్టుపక్కల ఊళ్లు పోటీ పడాలి. మధ్యలో తాతయ్యకి రెక్కలొచ్చి ఎగిరిపోతే కథ తెగిపోతుంది. చెప్పేవాళ్ల మొహంలో ఇది అబద్ధమన్న ఛాయ కనిపించకూడదు. హాలంతా పడి పడి నవ్వుతున్నా తను మాత్రం కళ్లారా చూసిన సంగతి చెబుతున్నట్టే ఉండాలి.

హాస్య ప్రసంగానికీ ఇలాంటి నియమమే ఉంది. జోకు వెనక జోకు పేర్చుకుంటూ పోకూడదు, మొదలు, నడక, ముగింపు ఉన్న ప్రసంగం కావాలి.

అపోహ: వాట్సాప్‌లో వచ్చిన మంచి కథని కాస్త మార్చి చెప్పొచ్చు

కుదరదు. ప్రసంగం మీ సొంతం కావాలి. వేరేవాళ్ల మాటలు, భావాలు వాడుకున్నా మొత్తంలో 25 శాతం దాటకూడదు, అవి వాళ్లవని ప్రసంగంలోనే చెప్పాలి. సొంతం కాదని జడ్జీలు గానీ తోటి పోటీదారులు గానీ అభ్యంతరం చెబితే పోటీ నుంచి తప్పించే వీలుంది. పైగా ఆ కథ హాల్లో సగంమందికి అదే ఉదయం ఫార్వర్డ్ అయి ఉంటుంది.

అపోహ: అరనిమిషం అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

సరిగ్గా ఆ అరనిమిషమే అటూ ఇటూ పోవచ్చు, ఒక్క సెకను ఎక్కువ పనికిరాదు. 5–7 నిమిషాల ప్రసంగానికి 4 నిమిషాల 30 సెకన్ల కంటే ముందు ముగించినా, 7 నిమిషాల 30 సెకన్లు దాటినా డిస్‌క్వాలిఫై. కోతల కథకి 3–5 నిమిషాలు, హద్దులు 2:30, 5:30. పెద్ద ప్రసంగంలో 5 నిమిషాలకి పచ్చ లైటు, 6కి పసుపు, 7కి ఎరుపు. ఎరుపు వెలిగాక ముగించేదాకా వెలుగుతూనే ఉంటుంది. గడియారం నోరు తెరిచినప్పుడే మొదలవుతుందనుకోవద్దు. మాట లేకుండా ఒక సైగతో శ్రోతల్ని పలకరించినా టైమర్ నొక్కేస్తారు.

హాల్లో నవ్వులు, చప్పట్లు టైమ్ తింటాయి. ఇంట్లో ఏడు నిమిషాలు పట్టే ప్రసంగం స్టేజీ మీద ఏడున్నర దాటుతుంది. నేను ప్రాక్టీస్‌లో ఆరు నిమిషాల దగ్గర ఆపమని చెబుతాను. అందరికంటే బాగా చెప్పిన మనిషి టైమ్ వల్ల ఓడిపోవడం చూడటం జడ్జీ కుర్చీలో కూర్చున్నవాళ్లకి చాలా కష్టం. "టైమ్ కారణంగా ఒకరు డిస్‌క్వాలిఫై అయ్యారు" అని మాత్రమే ప్రకటిస్తారు, పేరు చెప్పరు.

అపోహ: జడ్జీలు తెలిసినవాళ్లకే ఇస్తారు

మాట్లాడే వరుస లాటరీ తీసి నిర్ణయిస్తారు. ప్రతి ప్రసంగం తర్వాత ఒక నిమిషం హాలంతా నిశ్శబ్దం, ఆ నిమిషంలో జడ్జీలు ఎవరికి వాళ్లే మార్కులు రాసుకుంటారు, చర్చించుకోరు. ప్రతి జడ్జీ తన మొదటి ముగ్గురి పేర్లు రాస్తారు, వాటికి 3, 2, 1 పాయింట్లు. అన్నీ కలిపితే ఫలితం. సమానమైతే తేల్చడానికి టై–బ్రేకింగ్ జడ్జి ఒకరు రహస్యంగా ఉంటారు, ఆ జడ్జి ఎవరన్నది చీఫ్ జడ్జికి తప్ప ఇంకెవరికీ తెలియదు. మనుషులు కాబట్టి ఇష్టాయిష్టాలు ఉండవని అనను. కానీ ఒక్కరి ఇష్టంతో ట్రోఫీ రావడం ఈ లెక్కలో చాలా కష్టం. మార్కులు బయటపెట్టరు కాబట్టి, ఓడిపోయినవాళ్లు పోటీ అయ్యాక శ్రోతల్లో నమ్మకమైన ఇద్దరు ముగ్గుర్ని "ఎక్కడ నా వెంట రాలేకపోయారు?" అని అడగడం మంచిది. "ఎలా ఉంది?" అని అడిగితే బాగుందనే అంటారు.

అపోహ: ఏ క్లబ్బయినా ఒకటే

ఎజెండా ఒకటే ఉండొచ్చు, క్లబ్బులు ఒకటి కావు. చేరే ముందు రెండు మూడు చోట్ల అతిథిగా కూర్చోండి. చెప్పిన టైమ్‌కి మొదలై చెప్పిన టైమ్‌కి ముగుస్తోందా, పాత్రలు నలుగురైదుగురి చేతుల్లోనే తిరుగుతున్నాయా, కొత్తవాళ్లు మాట్లాడుతుంటే పాతవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారా అని గమనించండి. అన్నిటికన్నా ముఖ్యంగా ఎవాల్యుయేషన్లు వినండి. పొగడ్తలతో సరిపెడుతున్నారా, ప్రసంగంలోని ఫలానా చోటు పట్టుకుని మాట్లాడుతున్నారా అన్నది మొదటి మీటింగ్‌లోనే తెలిసిపోతుంది. అయినా తేల్చుకోలేకపోతే, ఎక్కడ విన్న ఎవాల్యుయేషన్ ఇంటికొచ్చాక కూడా మీకు గుర్తుందో ఆ క్లబ్బులో చేరండి.