బంతి బయట పడగానే ఫౌల్ కాదు: బేస్‌బాల్ అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో ఏ స్కూల్ పోటీకి అంపైరింగ్‌కి వెళ్ళినా ఈ మాట వినాల్సిందే: "ఏటి మాస్టారూ, బాల్ బయట పడితే ఫెయిర్ అంటారేటి?" పిల్లలే కాదు, వాళ్ళని తీసుకొచ్చిన పీఈటీలూ అడుగుతారు. ఫెయిర్ అంటే కొట్టిన బంతి చెల్లినట్టు, ఫౌల్ అంటే చెల్లనట్టు.

అపోహ: బంతి మొదట ఫౌల్ లైన్ (బ్యాటర్ కొట్టే చోటున్న హోమ్ ప్లేట్ నుంచి ఫస్ట్, థర్డ్ బేస్‌ల మీదుగా పోయే హద్దు గీత) బయట పడితే ఫౌల్.

వాస్తవం: అది వాలీబాల్ లెక్క. ఇక్కడ ఫస్ట్ బేస్, థర్డ్ బేస్ దాటకముందు నేల మీద ఎక్కడ పడిందన్నది చూడం. ఎక్కడ ఆగింది, ఎవరైనా తాకినప్పుడు ఎక్కడుంది, బేస్ దాటేటప్పుడు లైన్‌కి ఏ పక్కనుంది, అవే చూస్తాం. బయట పడినా దొర్లుకుంటూ లోపలికొచ్చి ఆగితే ఫెయిర్. లోపల పడి, బేస్ చేరకముందే బయటికి పోయి ఆగితే ఫౌల్. లోపలి నుంచే బేస్ దాటేశాక ఎంత దూరం బయటికి పోయినా ఫెయిరే. గాల్లో లేచి బేస్ అవతల పడ్డ బంతికి మాత్రమే మొదట పడ్డ చోటు ముఖ్యం.

ఆమదాలవలస వైపు ఒక గ్రౌండ్‌లో, ఆఖరి ఇన్నింగ్స్. ఒక పాప కొట్టిన బంతి థర్డ్ బేస్ లైన్‌కి జానెడు బయట పడింది. ఫౌలే అనుకుని బ్యాట్‌తో అక్కడే నిలబడిపోయింది. గ్రౌండ్ లోపలికి వాలు. బంతి మెల్లగా దొర్లి ముగ్గు గీత మీద ఆగింది. థర్డ్ బేస్ కాసే పిల్ల చటుక్కున తీసి, పాప పరుగెత్తేలోపే ఫస్ట్‌కి విసిరింది. అవుట్. పాప కళ్ళనిండా నీళ్ళు. తనకి ఎవరూ చెప్పలేదు, పాపం. "ఫౌల్, ఫౌల్, ఆగిపో" అని బెంచీ మీంచి అరిచినవాళ్ళ మీదే నా కోపమంతా.

కొట్టాక పరుగెత్తండమ్మా. ఫౌల్ అయితే మేం రెండు చేతులెత్తి గట్టిగా అరుస్తాం. ఫెయిర్ అయితే నోరు మెదపం, చేత్తో లోపలికి చూపిస్తామంతే. ఫౌల్ అని అరిస్తే ఆట ఆగిపోతుంది, ఆ మాట వెనక్కి తీసుకోవడం కష్టం. అందుకే బంతి సంగతి తేలేదాకా ఆగుతాం.

మిగతావి గబగబా. లైన్ మీద పడితే ఫౌలా? కాదు, లైన్ లోపలిదే. హోమ్ ప్లేట్ కూడా అంతే, దానికి తగిలినంత మాత్రాన ఫౌల్ కాదు. ఫీల్డర్ కాళ్ళు ఎక్కడున్నాయన్నది అనవసరం, బంతినే చూడాలి. ఫౌల్ బంతిని గాల్లో పట్టినా బ్యాటర్ అవుటే. రెండు స్ట్రైకుల తర్వాత (మూడోదానికి అవుట్) ఫౌల్ కొడితే అవుట్ కారు, బంట్ (బ్యాట్ ఊపకుండా బంతికి ఊరికే ఆనించడం) చేస్తే తప్ప.

సాఫ్ట్‌బాల్ పిల్లలకి ఇంకొకటి. ఫస్ట్ దగ్గర డబుల్ బేస్ (తెలుపు, నారింజ సగాలు పక్కపక్కనే ఉండే బేస్) ఉంటే తెల్ల సగానికి తగిలిన బంతి ఫెయిర్, నారింజ సగానికే తగిలితే ఫౌల్. ప్రాక్టీస్‌లో తెల్లదొక్కటే వేసి ఆడిస్తుంటే, పోటీకి ముందు ఒక్కరోజైనా పక్కన రెండోది పెట్టి ఆడించండి మాస్టారూ.