లామినేట్ స్టాక్ చేయించే ముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లల్లో కొందరు జింకల సీజన్‌లో స్నేహితుల కుటుంబాలతో వేటకు వెళ్తున్నారు. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట దాదాపు మూతపడింది కాబట్టి, ఈ పని గురించి మన ఇళ్ళల్లో చెప్పేవాళ్ళు తక్కువ. రైఫిల్‌కి లామినేట్ స్టాక్ ఎలా చేయిస్తారని అడిగారుగా, చెప్తాను.

స్టాక్ అంటే గొట్టాన్నీ, తూటాను ఎక్కించి పేల్చే యంత్రభాగమైన యాక్షన్‌నీ మోసే చెక్క భాగం. భుజానికీ చెంపకీ ఆనేది అదే. అందంలో వాల్‌నట్ చెక్కను మించింది లేదు. కానీ ఒకే దుంగలోంచి తీసిన చెక్క వానాకాలం తలుపులాగా చెమ్మకు ఉబ్బుతుంది. ముందు భాగం కాస్త వంగి గొట్టాన్ని ఒత్తిందంటే, మొన్న సరిచేసిన గురి ఇవాళ ఉండదు. లామినేట్‌తో ఈ బాధ బాగా తక్కువ. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందమున్న బర్చ్ పొరలకు రంగు పట్టించి, జిగురుతో పేర్చి, ప్రెస్‌లో నొక్కి దిమ్మ చేస్తారు. రెండంగుళాల దిమ్మలో ముప్పైకి పైగా పొరలుంటాయి. ఒకటి వంగబోతే పక్కది ఆపుతుంది. అయితే బరువెక్కువ, వాల్‌నట్ కంటే అరపౌను దాకా తేడా రావచ్చు. రోజంతా కొండలెక్కి తిరిగేవాళ్ళకు నేనైతే ఇది చెప్పను.

ఆర్డరు దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. రెమింగ్టన్ 700 అని రైఫిల్ మోడల్ పేరు ఒక్కటే రాస్తే సరిపోదు. యాక్షన్ పొట్టిదా పొడుగుదా, తూటాను లోపలికి నెట్టే బోల్టు పిడి కుడివైపా ఎడమవైపా, గొట్టం సన్నదా లావుదా, అన్నీ రాయాలి. ఈ మోడల్లోనే బీడీఎల్ రకానికి అడుగున తెరుచుకునే మూత ఉంటుంది, ఏడీఎల్ రకానికి ఉండదు. ఒకదానికి తొలిచిన స్టాక్ రెండోదానికి పనికిరాదు. అమెరికా చట్టం ప్రకారం తుపాకి అంటే నంబరున్న రిసీవరే, అంటే యాక్షన్ ఒంటి భాగమే. ఉత్త స్టాక్ పార్సిల్లో ఇంటికొస్తుంది, అదే రైఫిల్ పంపి బిగించమంటే లైసెన్సున్న గన్‌స్మిత్, అంటే తుపాకులు బాగుచేసేవాడు, ఉండాలి.

తర్వాత ఒంటి కొలత. ట్రిగ్గర్ నుంచి వెనక రబ్బరు ప్యాడ్ మధ్యదాకా ఉండే దూరం పెద్దవాళ్ళకు మామూలుగా 13.5 అంగుళాలు, పిల్లలకు 12 దగ్గర. చలికోటు వేసుకునే కొలవండి, లేకపోతే సీజన్‌లో స్టాక్ చంకలో తట్టుకుంటుంది. చెంప ఆనే గట్టు, గురి చూసే దుర్భిణి అయిన స్కోప్ ఎత్తుకు సరిపోవాలి. మరీ ఎత్తయితే బోల్టు వెనక్కి లాగినప్పుడు దానికే కొట్టుకుంటుంది.

అసలు పనితనమంతా బెడ్డింగ్‌లో, అంటే యాక్షన్‌ని చెక్కలో కదలకుండా కూర్చోబెట్టడంలో ఉంది. పెద్దవాళ్ళెవరైనా ముందు తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీ అని కళ్ళతో చూసి, వేలు పెట్టి తడమాలి. స్క్రూలు పోయే రెండుచోట్లా అల్యూమినియం గొట్టాలు నిలబెడతారు. అవి లేకపోతే బిగించినకొద్దీ చెక్క నలిగి స్క్రూ వదులవుతుంది. తర్వాత యాక్షన్ కూర్చునే చోట, రాయిలా గట్టిపడే జిగురైన ఎపాక్సీ పోస్తారు. గొట్టం మొదట్లో కిందికి పొడుచుకొచ్చిన ఇనుప పలక ఉంటుంది చూడండి, రికాయిల్ లగ్. పేలినప్పుడు వచ్చే తన్ను దాని వెనక ముఖం మీదే పడుతుంది. అందుకని ముందు, పక్కలు, అడుగు టేపు అంటించి, వెనక ముఖాన్ని మాత్రం వదిలేస్తారు. ఎపాక్సీ గట్టిపడ్డాక టేపు పీకేస్తే మూడువైపులా వెంట్రుకంత సందు మిగిలి, వెనక ముఖం అతుక్కున్నట్టు ఆనుతుంది. ఇనుముకంతటికీ, స్క్రూలకు కూడా, అంటుకోకుండా రిలీజ్ ఏజెంట్ రెండుసార్లు పూయాలి. కంతల్ని మెత్తటి బంకమట్టితో మూసేయాలి. ఒక్క కంతలోకి ఎపాక్సీ దిగినా రైఫిల్ స్టాక్‌లో ఇరుక్కుపోతుంది, సుత్తి తప్ప గతి లేదు.

గొట్టం మాత్రం దేనికీ తగలకూడదు. డాలరు నోటును గొట్టానికీ చెక్కకీ మధ్య దూర్చి లాగితే లగ్ దాకా ఎక్కడా ఆగకుండా రావాలి.

లామినేట్‌లోని జిగురు మామూలు ఉలి అంచుల్ని తినేస్తుంది, కార్బైడ్ పనిముట్లు కావాలి. అంచుల దగ్గర పొర పెచ్చులూడుతుంది కాబట్టి పట్టుకోసం గళ్ళు చెక్కే చెకరింగ్ చేయించకండి. శాండ్‌పేపర్ 120తో మొదలెట్టి 220, 320 దాకా పోతే చాలు. మాస్కు లేకుండా ఆ పొట్టు పీల్చకూడదు. ఫినిష్ పూసేటప్పుడు కొందరు బయటంతా అద్దంలా మెరిపించి, గొట్టం కాలువ లోపలా ప్యాడ్ కిందా పచ్చిచెక్క వదిలేస్తారు, అది తప్పు. చెమ్మ దూరేది అక్కడే.

స్క్రూలు తయారీదారు చెప్పిన అంగుళ-పౌన్లకే (బిగింపు బలం కొలత) బిగించండి, చేత్తో అంచనా వద్దు. యాక్షన్ వెనక తోకకీ చెక్కకీ మధ్య పలుచటి కాగితం పట్టేంత ఖాళీ వదిలారో లేదో చూసుకోండి. అది లేకపోతే ప్రతి తన్నుకీ తోక చెక్కను మేకులా చీలుస్తుంది. మొదటి పెట్టె తూటాలు కాల్చాక భూతద్దం పెట్టి తోక వెనక చూడండి. సన్నటి గీత కనిపిస్తే వెంటనే ఆపి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇట్లు,
మీ పెదతాతయ్య